ప్రమాదం లేదని రాసిన పెట్టె

అత్తిబెలె,
ఫిబ్రవరి 11, బుధవారం.

చిన్ని నాన్నకు,

సుశీల నమస్కారం. అందరం క్షేమమని మొదలుపెట్టడం పద్ధతి కాబట్టి నేనూ అలాగే మొదలుపెడుతున్నాను. చిన్ని క్షేమంగా ఉంది. జలుబు తగ్గింది, మొన్న ఇంకో పన్ను ఊడింది. నేను ఎలా ఉన్నానో ఉత్తరం చివరికొచ్చేసరికి మీకే తెలుస్తుంది. జైల్లో ఆ ఇనుప జాలీకి అటొకరం ఇటొకరం నిలబడి అరుచుకునే పది నిమిషాల్లో చెప్పే మాటలు కావివి. అందుకే కూర్చుని రాస్తున్నాను. మీకన్నా ముందు జైలువాళ్ళు చదువుతారని తెలుసు. దాన్ని కూడా కుట్ర అనకండి, అది వాళ్ళ డ్యూటీ.

మీ ఉత్తరం శనివారం అందింది. దుప్పటి కోసం గొడవపడి ఎవడో మీ పెదవి పగలగొట్టాడని రాశారు. చదివి ఏడ్చాను. లాయరు చేతికి పూతమందు ఇచ్చి పంపాను, రోజుకు రెండుసార్లు రాసుకోండి. ఏడుస్తూనే ఇంకో మాట కూడా అనుకున్నాను. ఒక్క గుద్దుకే అన్నం తినలేకపోతున్నానని రాశారే, మీ అందరి చేతుల్లో ఓంకార్ గారి ఒంటి మీద పడిన దెబ్బలు ఎప్పుడైనా తలచుకున్నారా అని. మీకు కోపం వస్తే రానీయండి.

మీరడిగిన వాటికి వరసగా జవాబులు రాస్తాను. ఆ పెట్టెను పోలీసులు అంత తొందరగా ఎందుకు ఎత్తుకుపోయారు, ఏం దాస్తున్నారు అని అడిగారు. దాని మీద ఒక మనిషి రక్తం ఉంది, మీ వేలిముద్రలు ఉన్నాయి. అలాంటిదాన్ని వీధిలో వదిలేసి ఎవరు పోతారు? అట్టపెట్టెలో పెట్టి సీలు వేశారు, మీ లాయరే చూసి వచ్చాడు. లోపల సర్క్యూటు ముక్క, బ్యాటరీ, ఒక తీగ. అంతే.

మునిస్వామి వాట్సాప్ గ్రూపు నడుస్తోందా అని అడిగారు. బ్రహ్మాండంగా నడుస్తోంది. మొదటి చెంపదెబ్బ ఆయనదే అయినా చేత్తో కొట్టాడు కాబట్టి బెయిలు దొరికింది. వీధి చివర తన మేడింట్లోనే కూర్చుని, గ్రూపు పేరు మార్చి, కొత్త వీడియోలు పెడుతున్నాడు. ఓంకార్ అసలు మనిషే కాదని, ఆకాశం నుంచి దిగినవాళ్ళు మనిషి తోలు కప్పుకుని తిరుగుతున్నారని తాజా వీడియో. మీ పేరు అందులో ఒక్కసారి కూడా తలవలేదు. వెతికి మరీ చూశాను.

ఇక మీ పెద్ద ప్రశ్న. ఆకాశం నుంచి దిగిన వాహనాన్ని సర్కారు డెబ్భై ఏళ్ళుగా దాచిపెట్టిందని ఇంత మంది చెప్తుంటే నువ్వొక్కదానివే ఎందుకు నమ్మవు అని. చెప్తాను వినండి. మా ఫ్యాక్టరీలో నూట నలభై మందిమి. పోయిన నెల క్యాంటీన్ సాంబారులో బల్లి పడింది. మేనేజరు, వంటాయన, స్టోరు మనిషి, ముగ్గురే ముగ్గురు దాచాలని చూశారు. టీ టైముకల్లా గేటు బయట టీ కొట్టువాడికి కూడా తెలిసింది, బల్లి పొడుగెంతో సహా. ముగ్గురు కలిసి బల్లిని దాచలేకపోయారు. అన్ని వేల మంది, అన్ని దేశాలవాళ్ళు, పెళ్ళాలతో పోట్లాడేవాళ్ళు, తాగి వాగేవాళ్ళు, ఇంత పెద్ద సంగతిని డెబ్భై ఏళ్ళు నోట్లో పెట్టుకుని కూర్చున్నారంటే నా బుర్రకెక్కదు.

మీరు ఎందుకు నమ్మారో మాత్రం నాకు తెలుసు. రెండేళ్ళ కింద మహదేవపుర సైటులో కడ్డీలు కడుతూ పరంజా మీద నుంచి పడ్డారు. కాంట్రాక్టరు హాజరు పుస్తకంలో మీ పేరు కొట్టేసి, ఆ రోజు మీరు పనికే రాలేదని చెప్పాడు. పక్కన పనిచేసినవాళ్ళు కూడా తలలు దించుకుని అవునన్నారు. నడుము పట్టేసి ఆరు నెలలు ఇంట్లో పడుకుని, ఫోనులో మునిస్వామి వీడియోలు చూశారు. మీ మీద ఒక నిజమైన అబద్ధం పడింది. ఆ తర్వాత లోకమంతా అబద్ధంలాగే కనిపించింది. అప్పుడు మీ పక్కన కూర్చుని మాట్లాడాల్సింది నేను. రెండు షిఫ్టులు చేసి వచ్చి పడుకున్నాను.

చిన్ని గురించి రాయకూడదనుకున్నాను, కానీ రాయాలి. పోయిన వారం బడిలో ఒక పిల్ల, "మీ నాయిన ఏలియన్‌ను కొట్నాడంట గదా" అని నవ్విందట. చిన్ని స్టీలు క్యారియరుతో ఆ పిల్ల నోటి మీద కొట్టింది. పెదవికి నాలుగు కుట్లు పడ్డాయి. ఎందుకు కొట్టావే అని అడిగితే, "ఆ యప్ప నిజంగా మనిషేనా మా? మనిషి కాకుంటే నాయినది తప్పు లేదు గదా" అంది. ఎనిమిదేళ్ళ పిల్ల.

ఆ ఆదివారం ఏం జరిగిందో మీకు సరిగ్గా గుర్తు లేదని రాశారు. నాకు గుర్తుంది. పొద్దున తొమ్మిదిన్నరకు పాల ప్యాకెట్లతో వస్తున్నాను. మునిస్వామి మేడ మీద నీళ్ళ ట్యాంకు పక్కన పడిన తెల్ల థర్మకోల్ పెట్టెను మీరంతా దించి వీధిలో పెట్టారు. దానికి దారం, దారానికి చిరిగిన బెలూను, గొడుగులాంటి చిన్న గుడ్డ. పెట్టె మీద వాతావరణ పరికరం, ప్రమాదం లేదు అని కన్నడంలో, ఇంగ్లీషులో రాసి ఉంది. మునిస్వామి నవ్వాడు. "చూడప్పా, ప్రమాదం లేదని రాసినారంటేనే ప్రమాదం ఉండాదని అర్థం. లేకుంటే రాసే పనేముండాది?" అన్నాడు. అందరూ తలలూపారు. అందరికన్నా గట్టిగా మీరు.

అప్పుడే బండి మీద ఓంకార్ గారు వచ్చారు, చేతిలో పాత టీవీ యాంటెన్నాలాంటిది పట్టుకుని. "అన్నా, అది మా ఆఫీసుదన్నా. పైన గాలి, చలి ఎట్లుండాదో చూసేదానికి పంపిస్తాం. సిగ్నల్ పట్టుకుని వచ్చినా, ఇస్తే ఎత్తుకుపోతా" అన్నారు. కార్డు తీసి చూపించారు. "కార్డు యెవురైనా చేపించుకుంటారు" అన్నారు మీరు. మునిస్వామి పెట్టె మూత పీకాడు. మూత లోపల ఎర్రటి మరక. "రక్తం! మనుషుల రక్తం! ప్రయోగాలు చేస్తా ఉండారు!" అని పైకెత్తి చూపించి, ఓంకార్ గారి చెంప పగిలేలా కొట్టాడు.

తర్వాత అందరూ పడ్డారు. ఆయన హెల్మెట్టు లాక్కుని దాంతోనే నెత్తి మీద కొట్టారు. ఒకడు ఇటుక తెచ్చాడు. కింద పడితే కడుపులో తన్నారు. ఆయన నోట్లోంచి రక్తంతో పాటు మాటలు వస్తున్నాయి, "మాది హిందూపురం అన్నా, పిల్లోళ్ళుండారన్నా" అని. ఎవరో సగం కట్టి వదిలేసిన ఇంటి దగ్గరికి మీరు నడిచి వెళ్ళి, ఏరుకుని, ఇనుప కడ్డీ తెచ్చారు. పరుగెత్తలేదు, నడిచే వెళ్ళారు. మొదటి దెబ్బ మోకాలి మీద. ఎండుకట్టె విరిగినట్టు వినిపించింది. రెండోది అడ్డం పెట్టిన చేతి మీద, మూడు వేళ్ళు వెనక్కి తిరిగిపోయాయి. మూడోది ముఖం మీద. ఎడమ కన్ను అక్కడికక్కడే పోయింది. చిన్ని మెట్ల మీద నుంచి "నాయినా" అని కేక పెడితే గానీ నాలుగో దెబ్బకు లేచిన మీ చెయ్యి ఆగలేదు. మీ చొక్కా మీద, పాల ప్యాకెట్ల మీద, అన్నిటి మీదా ఆయన రక్తమే.

ఇప్పుడు మీ చివరి కోరికకు వస్తాను. సోమవారం మేజిస్ట్రేటు ముందు నా వాంగ్మూలం ఉంది. ఆ పొద్దు మా ఆయన ఇంట్లో ఉప్మా తింటున్నాడని చెప్పు, నీ మాట నమ్ముతారు, బెయిలు వస్తుంది అని రాశారు. లాయరు కూడా అదే అన్నాడు. ఆ రోజు అక్కడ లేడని మీ గురించి కాంట్రాక్టరు చెప్పినప్పుడు గోడకు తల కొట్టుకుని ఏడ్చిన మనిషి మీరు. అదే మాట నన్ను చెప్పమంటున్నారు.

ఇంకొకటి ఉంది. మూడు నెలలుగా మీకు చెప్పకుండా దాచాను. మా ఫ్యాక్టరీలో ఏం చేస్తామని మీరు ఎప్పుడూ అడగలేదు, ఏవో సర్క్యూటు బోర్డులు అతికిస్తాం అనుకున్నారు. మేము చేసేది ఆ పెట్టెలే. వాటికి మూతలు మూసేది నేను. ఆయుధపూజ నాడు మిషన్లన్నిటికీ పసుపు, కుంకుమ పెట్టాం. పరికరాలకు పెట్టకూడదు, లోపల పొడి పడితే పాడవుతాయి అని సూపర్‌వైజరు ముందే చెప్పాడు. నాకు మనసు ఒప్పలేదు. చేసే పనికి బొట్టు పెట్టకపోతే ఎలా అని, ఎవరూ చూడకుండా ఆ రోజు మొదటి పెట్టె మూత లోపల ఉంగరం వేలితో తడికుంకుమ బొట్టు పెట్టి మూసేశాను. మంచి జరగాలని దండం కూడా పెట్టుకున్నాను.

మునిస్వామి మూత ఎత్తి చూపించింది ఆ బొట్టే. వానకు తడిసి కారింది, అంతే. చూడగానే గుర్తుపట్టాను. మీకు పది అడుగుల దూరంలో ఉన్నాను. అది కుంకుమ, నేనే పెట్టాను అని ఒక్క మాట అంటే సరిపోయేది. అనలేదు. పని పోతుందని భయపడ్డాను. రెండేళ్ళుగా ఎవరూ మీ మాట లెక్కచేయలేదు, ఆ రోజు ఇరవై మంది మీ వెనక నిలబడ్డారు, వాళ్ళ ముందు మిమ్మల్ని పిచ్చివాణ్ణి చేయలేకపోయాను. ఇవి రెండూ నిజమే. మూడోది ఇంకా సిగ్గుచేటు. అందరూ రక్తం, రక్తం అని అరుస్తుంటే, ఒక్క క్షణం నా చేత్తో పెట్టిన బొట్టు నాకే రక్తంలాగా కనబడింది. అందుకే మిమ్మల్ని పూర్తిగా తిట్టడానికి నాకు నోరు రావడం లేదు.

నిన్న సెలవు పెట్టి చిన్నిని తీసుకుని ఓంకార్ గారింటికి వెళ్ళాను. ఆయన కాలికి ఇనుప కమ్మీలు బిగించి ఉన్నాయి. ఎడమ కంటి చోట దూది. ఆయన భార్య నన్ను చూసి చెయ్యెత్తింది, కొట్టలేదు. కొట్టినా బాగుండేది. బొట్టు సంగతి అంతా చెప్పాను. ఆయన, "ఆ ఒక్క మాట ఆ పొద్దే అనుంటే అయిపోయుండేది గదక్కా" అన్నారు. అరవలేదు, తిట్టలేదు. నేను ఆయన కాళ్ళ దగ్గర నేల మీద కూర్చుండిపోయాను. చిన్ని ఆయన చేతివేళ్ళ కట్టు వైపే చూస్తూ నిలబడింది. తిరిగొచ్చేటప్పుడు బస్సులో నా కొంగు పట్టుకుని, "మనిషే మా" అంది.

ఫ్యాక్టరీలో పొద్దున చెప్పేశాను. పనిలో ఉంచుతారో లేదో శుక్రవారం తెలుస్తుంది. మీరు బయటికొచ్చే రోజు, అది ఎన్నేళ్ళకైనా, జైలు గేటు దగ్గర నేనే నిలబడి ఉంటాను. కానీ అబద్ధం చెప్పి ముందుగా తీసుకురాను. సోమవారం నాడు మొదట నా సంగతి చెప్పి, తర్వాత మీ సంగతి చెప్తాను. బొట్టు నాది. కడ్డీ మీది.

ఇట్లు,
ఆ మూత మూసిన చేతులతోనే ఇది రాసిన,
మీ భార్య,
సుశీల