కోచ్ మీద నోరెత్తని ఏడు వారాలు

అక్టోబరు 12, ఆదివారం. మధ్యాహ్నం 2:10

ఒట్టు పెట్టుకున్నాను. బైబిలు గ్రంథం మీద చెయ్యి వేసి, చర్చి సంఘ పెద్దల ఎదుట, వేయించిన కోడి ముక్క పక్కన పెట్టి మరీ.

ఈ క్షణం నుంచి సీజను ముగిసేదాకా పెండర్ కాలేజీ ఫుట్‌బాల్ కోచ్ ర్యాండల్ వీమ్స్ మీద నా నోట ఒక్క మాట రాదు!

కారణం ఉదయం నేను చేసిన ప్రసంగం. కాపరిగారికి గొంతు పట్టేస్తే నన్ను నిలబెట్టారు. ఫలించని అంజూరపు చెట్టు గురించి చెప్పాను. యజమాని మూడేళ్లు వచ్చి చూశాడు, కాయ లేదు, నరికెయ్యమన్నాడు. అంతవరకూ వాక్యమే. ఆ తర్వాత "మన కోచ్‌కి కూడా ఇది మూడో ఏడే" అన్నది మాత్రం వాక్యంలో లేదని పెద్దలు కనిపెట్టారు. నిన్న 31–3తో ఓడిన ఆట గురించి నలభై నిమిషాలు మాట్లాడానట. అబద్ధం. ముప్ఫై ఎనిమిది. వెర్లీన్ గడియారం చూసింది. భార్య అన్నాక గడియారం చూస్తుంది.

పెద్దల్లో పెద్దవాడు వెండెల్ స్ట్రౌడ్ నన్ను కాఫీ గిన్నె దగ్గరికి లాగాడు.

"బ్రదర్ ఎల్బర్ట్, నవంబరు ముప్ఫైన నీకు బోధకుడి పత్రం ఇవ్వాలో వద్దో సంఘమంతా చేతులెత్తి తేలుస్తుంది. అప్పటిదాకా ఆ కోచ్ ఊసెత్తకు. ఎత్తావో, నా చెయ్యి లేవదు."

ఆ కాగితం కోసం ఇరవై ఆరేళ్లుగా చూస్తున్నాను. బడి ఎనిమిదితో మానేశాను. గడ్డికోత మిషన్లు బాగుచేసుకుంటూ వాక్యం నాకు నేనే నేర్చుకున్నాను. కాగితం వస్తే బోధకుణ్ణి. రాకపోతే కాపరికి జలుబు చేసినప్పుడు గుర్తొచ్చే మెకానిక్‌ని.

వాకిట్లో సిస్టర్ ఇమోజీన్ చెయ్యి పట్టుకుంది. ఎనభై నాలుగేళ్లు. నాకు ఆదివారపు బడిలో మొదటి వచనం నేర్పింది ఆవిడే.

"అబ్బాయ్, చెట్టు కథ సగంలో ఆపేశావేం?"

"టైమైపోయింది సిస్టర్."

"ఆటకి టైముంది పాపం" అనేసి కారెక్కింది.

పోనీ. బైబిల్లో జెకర్యా తొమ్మిది నెలలు మూగగా ఉన్నాడు. నాకు ఏడు వారాలొక లెక్కా!

ఇవాళ్టి మాటలు: సున్నా. (ఒట్టు తర్వాత.)

అక్టోబరు 15, బుధవారం. రాత్రి 8:00

యోనా మూడు రోజులు చేప కడుపులో ఉన్నాడు. నేను మూడు రోజులు ఊళ్లో మగాళ్లంతా కబుర్లకి చేరే దాణా కొట్టులో ఉన్నాను. చేప కడుపులో కనీసం ఎవరూ "శనివారం వీమ్స్ ఏం చేశాడో చూశావా?" అని అడగరు. ఉడికించిన వేరుశెనగలు నోటి నిండా కుక్కుకుని తలాడించాను. రెండు పొట్లాలు.

సాయంత్రం ప్రార్థన కూడిక. విన్నపాలేమైనా ఉన్నాయా అని కాపరిగారు అడిగారు. మోకాళ్లు, షుగరు, ఎవరో కోడలు, అన్నీ అయ్యాక నేను లేచాను.

"ఒక సహోదరుడున్నాడు. పేరు చెప్పను. ప్రభువు అతనికి దూరదేశపు పిలుపు ఇవ్వాలని ప్రార్థించండి. మోంటానా లాంటిది. త్వరగా. వీలైతే శనివారం లోపల."

పదకొండు గొంతులు ఆమెన్ అన్నాయి. వెండెల్ కూడా అనేసి నాలిక కరుచుకున్నాడు.

కారులో వెర్లీన్, "మాటిచ్చింది దేవుడికి. ఇప్పుడు చాడీలు చెప్పేది కూడా ఆయనకేనా?"

"అది విన్నపం."

"మా చెల్లెలి విడాకుల సంగతి ఊరంతా తెలిసింది కూడా విన్నపంగానే."

మాటలు: సున్నా. విన్నపాలు: ఒకటి.

అక్టోబరు 18, శనివారం. సాయంత్రం 5:40

ఆట చూడలేదు! పెరట్లో ఆకులు ఊడ్చాను. కిటికీలో రేడియో దానంతట అదే మోగుతోంది.

చేత్తో బంతి పట్టుకుని నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు దూసుకెళ్తేనే బంతి మనకుంటుంది. ఇది నాలుగో ప్రయత్నం. ఒకే ఒక్క గజం కావాలి. ఒక్క గజం! మన కుర్రాళ్లు కంచరగాడిదల్లా ఉంటారు, జట్టు పేరే కంచరగాడిదలు, ఊరికే ముందుకి పడిపోయినా గజం వస్తుంది. వీమ్స్ ఏం చేశాడు? బంతిని తన్నించి అవతలివాళ్ల చేతికిచ్చాడు.

నేనేమీ అనలేదు. ఆకాశంకేసి నాలుగుసార్లు చూశాను. ఊడ్చిన కుప్పని కాలితో తన్నాను. మళ్లీ ఊడ్చాను.

24–6. ఓటమి అని వేరే చెప్పాలా.

మాటలు: సున్నా. ఆకుల కుప్పలు: మూడు, అన్నీ ఒకటే కుప్ప.

అక్టోబరు 22, బుధవారం. ఉదయం 10:35

సంఘం ముందు రోడ్డు పక్కనున్న బోర్డు మీద అక్షరాలు మార్చే పని నాది. నిచ్చెన నాది కాబట్టి. ఇవాళ పెట్టింది:

మూడేళ్లు ఫలం లేదు. ఇంకా నేల ఎందుకు దండగ?

పేరు లేదు. కోచ్ అన్న మాట లేదు. వేళ్లతో పెట్టాను, నోటితో కాదు.

పదిన్నర లోపల ఇరవై కార్లు హారన్ కొట్టాయి. ఇంత ఆత్మీయ ఉజ్జీవం ఈ రోడ్డు ఎప్పుడైనా చూసిందా?

11:00. వెండెల్ ఫోను.

"బోర్డు, ఎల్బర్ట్."

"వాక్యం, వెండెల్."

"దించు, ఎల్బర్ట్."

దించాను. "దేవుడు ప్రేమ" అని పెట్టాను. ఒక్కడూ హారన్ కొట్టలేదు.

నవంబరు 1, శనివారం. సాయంత్రం 6:30

పాత విద్యార్థుల పండగ ఆట. ఈ ఆటకి ఓ చిన్న కాలేజీని పిలుస్తారు. ఓడిపోవడానికే పిలుస్తారు. పిలిచినవాళ్లకీ తెలుసు, వచ్చినవాళ్లకీ తెలుసు. అరవై ఏళ్లుగా ఒక్కరు కూడా ఈ మర్యాద తప్పలేదు.

వాళ్లు గెలిచారు. గెలిచి, మనల్ని చూసి జాలిపడ్డారు. వాళ్ల బ్యాండువాళ్లు చప్పుడు తగ్గించి వాయించారు. అంతకన్నా అవమానం ఉందా?

కాలేజీ అధ్యక్షుడికి ఉత్తరం రాశాను. ఉత్తరం నోరు కాదు. పదిహేడు కారణాలు. మచ్చుకి:

నాలుగోది. గొల్యాతు ముందు నిలబడ్డ దావీదు వడిసెల రాయిని అవతలివాళ్లకి తన్ని, "చూద్దాం, తర్వాత మళ్లీ మనకే వస్తుంది" అనలేదు.

తొమ్మిదోది. ఓడిన ప్రతిసారీ "కుర్రాళ్లు చాలా కష్టపడ్డారు" అంటాడు. ఇశ్రాయేలువాళ్లు కూడా నలభై ఏళ్లు చాలా కష్టపడే నడిచారు. తిరిగిన చోటే తిరిగారు.

పన్నెండోది. పంపించెయ్యాలంటే ఇంకా నాలుగేళ్ల జీతం చేతిలో పెట్టాలట. ఏ ప్రధానయాజకుడూ క్రీస్తుని పట్టిచ్చిన యూదాకి ఇలాంటి ఒప్పందం రాసివ్వలేదు.

పదిహేడోది. బిలాము గాడిద కూడా ఎదుటి ప్రమాదం చూసి దారి మార్చుకుంది.

వెర్లీన్ చదివింది. "సంతకం పెట్టావా?"

"పెట్టాను."

"బోధకుడు అని?"

"కాబోయే బోధకుడు అని."

స్టాంపు తీసి తన డ్రాయర్లో పెట్టేసింది.

నవంబరు 3, సోమవారం. మధ్యాహ్నం 12:20

గ్రీజు చేతులతోనే రాస్తున్నాను.

తొమ్మిదిన్నరకి షెడ్డు ముందు బండి ఆగింది. దిగింది వీమ్స్! టీవీలో కన్నా పొట్టి. చేతిలో ఆకులు ఊదే గాలి మిషను.

"స్టార్టవట్లేదండీ. తాడు లాగీలాగీ భుజం పోయింది. ఇదైనా బాగుచేయించగలవా అంది మా ఆవిడ."

ఇదైనా, అన్నాడు. అతనే అన్నాడు.

నా దగ్గర పదిహేడు కారణాలున్నాయి. మంచి వరసలో ఉన్నాయి. ప్రభువు శత్రువుని నా చేతికి అప్పగించాడు. నేను నోరు తెరిచాను.

"కార్బురేటర్లో బంక పట్టిందండీ" అన్నాను.

"పారేసి కొత్తది కొనుక్కోమంటారా?"

"పారేయడమేంటండీ! మంచి మిషను. పాత పెట్రోలు పోసి వదిలేశారు, అంతే. ఓ వారం ఇవ్వండి."

అతను గోడ పక్క వరసలో ఉన్న గడ్డికోత మిషన్లకేసి చూశాడు. పదకొండు. ఏవీ నడవవు. అవన్నీ ఎవరివని అడిగాడు. పారేస్తామంటే నేనే ఉంచుకున్నానని చెప్పాను. వెళ్లబోతూ ఆగాడు.

"మీరు బోధిస్తారట కదా. మా కుర్రాళ్ల కోసం ఒక మాట ప్రార్థిస్తారా?"

టోపీ తీసేశాడు. వెంట్రుకలు పల్చబడ్డాయి. ప్రార్థించాను. బాగానే వచ్చింది. మోంటానా ప్రస్తావన రాలేదు.

మాటలు: సున్నా. ఇన్నాళ్లలో ఒట్టు పూర్తిగా నిలబడ్డది ఇవాళ ఒక్కరోజే. అదీ పిరికితనం వల్ల.

నవంబరు 16, ఆదివారం. మధ్యాహ్నం 1:30

కాపరిగారికి మళ్లీ గొంతు. నేనే. క్షేమమైన వాక్యం ఎంచుకున్నాను. నోవహు. వాన, పడవ, జంతువులు. ఇందులో ఫుట్‌బాల్‌కి చోటెక్కడ!

మొదటి పది నిమిషాలు అద్భుతం. పిల్లలు కూడా విన్నారు. ఆ తర్వాత జంతువులు రెండేసి చొప్పున పడవెక్కుతున్నాయి. సింహాలెక్కాయి, ఏనుగులెక్కాయి. నా నోరు నన్ను అడగకుండా అంది:

"కంచరగాడిదలు మాత్రం తలుపుకి ఒక్క గజం దూరంలో ఆగిపోయాయి. ఎందుకంటారా? వాటి కోచ్ బంతిని తన్నించాడు!"

సంఘం నవ్వింది. నవ్వకుండా ఉంటే ఆగేవాణ్ణి. తప్పు వాళ్లదే సగం. ఇంకో ఇరవై రెండు నిమిషాలు చెప్పాను. పదిహేడు కారణాలూ వచ్చాయి. పద్దెనిమిదోది అప్పటికప్పుడు పుట్టింది. నోవహు ఇంకా పడవలోనే ఉన్నాడు, దించడం మర్చిపోయాను.

వెండెల్ నవ్వలేదు. చేతులు ఒళ్లో పెట్టుకుని వాటినే చూసుకుంటూ కూర్చున్నాడు. లేవని చేతులు ఎలా ఉంటాయో చూపించినట్టు.

నవంబరు 17, సోమవారం

ఆలోచించాను. ఒట్టు "కోచ్ మీద" మాట్లాడనని. నేను మాట్లాడింది పడవ మీద.

వెర్లీన్: "అలాగే. వెండెల్‌కి ఈ ముక్క చెప్పిరా, నేను చూస్తాను."

వెళ్లలేదు.

గాలి మిషను బాగుపడింది. వీమ్స్ భార్య వచ్చి పట్టుకెళ్లింది. మంచిమనిషి. నాకు నిమ్మ కేకు తెచ్చింది. తిన్నాను. సిగ్గుపడుతూ తిన్నాను. రెండు ముక్కలు.

నవంబరు 29, శనివారం. సాయంత్రం 7:00

ఆఖరి ఆట. హార్‌గ్రోవ్ కాలేజీ మీద. మనకీ వాళ్లకీ ఇశ్రాయేలుకీ ఫిలిష్తీయులకీ ఉన్నంత వైరం.

ఆట మైదానం బయట పొయ్యిల మీద మాంసం కాలుతున్న చోటికే వెళ్లాను. వాసన కోసం. అక్కడి రేడియోలో విన్నాను, ఒక్క గజం ఉండగా వీమ్స్ మళ్లీ తన్నించాడు. 17–14. మూడు పాయింట్లతో ఓడిపోయాం!

ఎవరి పికప్పో తెలీదు. దాని వెనకెక్కాను. గ్రంథం జేబులో ఎప్పుడూ ఉంటుంది. "నరకండి!" అని అరిచాను. "మూడేళ్లు చూశాం, నరకండి!" రెండు వందల మంది ఆమెన్ అన్నారు. నా ఇరవై ఆరేళ్లలో అంత పెద్ద సంఘానికి నేనెప్పుడూ బోధించలేదు.

ఫోన్లన్నీ పైకి లేచి ఉన్నాయి.

దిగుతుంటే చూశాను. దారి పక్కన నిమ్మ కేకు మనిషి నిలబడి ఉంది. నన్ను గుర్తుపట్టింది. నమస్కారంగా తలూపింది కూడా. తిట్టినా బాగుండేది.

మాటలు: లెక్కలేదు.

నవంబరు 30, ఆదివారం. మధ్యాహ్నం 3:15

వీడియో అందరూ చూసి వచ్చారు. సంఘ కూడిక. వెండెల్ లేచాడు. గొంతు మెత్తగా ఉంది, అదింకా భయం.

"బ్రదర్ ఎల్బర్ట్ మాటిచ్చాడు, తప్పాడు. ఏడు వారాలు నోరు అదుపులో పెట్టుకోలేనివాడికి ప్రసంగ పీఠం ఎలా ఇస్తాం? పత్రం ఇవ్వొద్దు. ఇంకెప్పుడూ ఈ ప్రస్తావనే వద్దు. అదీ నా ప్రతిపాదన."

నేను నా బూట్లు చూసుకున్నాను. అప్పుడు చేతికర్ర టకటకా చప్పుడైంది. సిస్టర్ ఇమోజీన్.

"ఒరే ఎల్బర్ట్, ఆ చెట్టుని నువ్వు ఈ సంఘంలో నరకడం నాకు తెలిసి నాలుగోసారి. ఒక్కసారైనా తోటమాలిని నోరు తెరవనిచ్చావా? తియ్యి గ్రంథం. నువ్వు ఆపిన చోటు తర్వాతది చదువు."

చదివాను. ఈ ఏడు కూడా ఉండనివ్వండయ్యా, చుట్టూ తవ్వి ఎరువు వేస్తాను, అంటాడు తోటమాలి. అది అక్కడుందని నాకు తెలుసు. ఆ పేజీ అంచుకి నా వేలి మరక కూడా ఉంది. కానీ నోటితో చదవడం అదే మొదటిసారి.

"ఇరవై ఆరేళ్లుగా ఉన్న చెట్టు ఇది" అంది ఆవిడ నన్ను కర్రతో చూపిస్తూ. "ఆకులు దండిగా ఉన్నాయి, చప్పుడు కూడా ఎక్కువే. ఇంకో ఏడు ఉంచుదాం, పత్రం మాట అప్పుడు తేల్చుకుందాం. ప్రతి గురువారం మా ఇంటికొచ్చి నాకు చదివి వినిపించాలి. ప్రతి అధ్యాయమూ, ఆఖరిదాకా. తవ్వడం నేను చూసుకుంటా. ఎరువు సంగతంటారా, వాడి దగ్గరే కావలసినంత ఉంది."

ఆవిడ మాటకి చేతులెత్తమన్నారు. వెండెల్ చెయ్యి అన్నిటికన్నా ఆలస్యంగా లేచింది, కానీ లేచింది. వెర్లీన్ రెండు చేతులూ ఎత్తింది.

కారులో అంది, "షెడ్డులో పదకొండు చచ్చిన మిషన్లున్నాయి. ఒక్కదాన్ని పారేద్దామన్నా 'ఇంకో నెల ఆగవే' అంటావు. ఆ కోచ్ ఏం పాపం చేశాడయ్యా, గడ్డి కొయ్యకపోవడం తప్ప?"

ఇంటికొచ్చి షెడ్డులో ఆ పదకొండింటినీ మళ్లీ లెక్కపెట్టాను.

డిసెంబరు 1, సోమవారం. ఉదయం 8:50

రేడియోలో చెప్పారు. కాలేజీ వీమ్స్‌ని తీసెయ్యలేదు. ఇంకో ఏడాది ఇచ్చిందట.

అతనికో ఏడు, నాకో ఏడు. ఇద్దరం ఒకే గోతిలో, ఒకే ఎరువులో.

కొత్త ఒట్టు. ఈసారి ఏడాది. కోచ్ మీద ఒక్క మాట రాదు, విన్నపం రాదు, బోర్డు రాదు, పడవ రాదు. నిమ్మ కేకు ఇంటికి గురువారం లోపల నేనే వెళ్లి క్షమాపణ చెబుతాను. వెర్లీన్ తోడొస్తానంది, కాపలాకి.

నాలుగో ప్రయత్నంలో తన్నమని అతని చెవిలో ఊదేది ఓ సహాయ కోచ్ అట, రేడియోలో అన్నారు. అతని పేరు ఈ ఒట్టులో లేదు.

లేదు. ఉంది. రాసేశాను, అతను కూడా ఉన్నాడు.

మొదటి రోజు. మాటలు: సున్నా. ఇంకా తొమ్మిది కూడా కాలేదు.