గోడ మాదే, గొట్టం వాళ్ళది

శ్రీవారికి,

మీ ఇల్లాలు నమస్కరించి రాస్తున్నది. ఇక్కడ అత్తయ్య, పిట్ట, నేను ముగ్గురం బాగానే ఉన్నాం. ఈ "బాగానే" అన్న మాటలో చాలా సంగతులు ఇరుక్కుని ఉన్నాయి, ఒక్కొక్కటే బయటికి తీస్తాను. ఆ వంతెన పని దగ్గర మీరూ కులాసాగా ఉన్నారని, వెల్డింగ్ రవ్వ పడి కాలిన చెయ్యి మానిందని తలుస్తాను. మీరు "చిన్న చుక్కే" అని రాశారు గానీ, ఆ అక్షరాలు చూస్తే ఎడం చేత్తో రాసినట్టున్నాయి. నా దగ్గర దాచకండి. దాచడం గురించి మాట్లాడే అర్హత నాకు లేదని ఈ ఉత్తరం పూర్తయ్యేసరికి మీకే తెలుస్తుంది, అయినా చెబుతున్నాను.

పిట్ట గురించి అడిగారు. ముందు పళ్ళు ఊడాయి, నవ్వితే కిటికీ తెరిచినట్టుంది. మీరు పంపిన రంగు పెన్సిళ్ళు అరిగిపోతాయని పెట్టెలో దాచుకుని, పక్క పిల్లవి అడిగి వాడుతోంది. ఎవరి పోలికో నేను చెప్పక్కర్లేదు.

పడకగది గోడ బాగు చేశారా అని అడిగారు. చేశారు. ఎలా చేశారో వినండి.

మీరు వెళ్ళిన తర్వాతే కదా, హౌసింగ్ బోర్డు వాళ్ళు మన ప్రభుత్వ ఇళ్ళ బాగోగులన్నీ ఒక ప్రైవేటు కంపెనీకి అప్పగించింది. బోర్డు వాళ్ళు మాత్రం పిలవగానే పరిగెత్తుకొచ్చారా ఏమిటి? లేదు. కానీ అప్పుడు వెళ్ళి కూర్చోవడానికి ఒక బల్ల ఉండేది, బల్ల వెనక విసుక్కునే మొహం ఒకటి ఉండేది. కుట్టుపని తీసుకెళ్ళి ఆయన ఎదురుగా కూర్చుని గుండీలు కుడుతుంటే, నా పీడ వదిలించుకోవడానికైనా మనిషిని పంపేవాడు. ఇప్పుడు బల్ల లేదు. ఒక ఫోను నంబరు ఉంది. చేస్తే, "మీ కాల్ మాకెంతో విలువైనది" అంటుంది ఒక గొంతు. ఆ తర్వాత పాట. అత్తయ్య పక్కనే కూర్చుని వినీ వినీ, "అంత విలువైనది కాబట్టే కాబోలు, ఎవరూ ముట్టుకోవడం లేదు" అంది.

చివరికొక మనిషి వచ్చాడు, చేతిలో రంగు డబ్బా. పై ఇంటి బాత్రూమ్ గొట్టం కారి మన గోడంతా చెమ్మెక్కి, మంచం వెనక నల్ల బూజు పట్టి ఉంది కదా. అతను దానికి ఫోటో తీశాడు. తీసి, పైన రంగు వేయడం మొదలుపెట్టాడు.

"అయ్యా, గోడ తడిగా ఉంది. పైన గొట్టం చూడవా?" అన్నాను.

"నాకిచ్చింది రంగు పనమ్మా. గొట్టం నా పని కాదు."

"తడి మీద రంగు నిలుస్తుందా?"

"ఫోటో తీసేదాకా నిలుస్తుంది" అన్నాడు. పాపం, అబద్ధం చెప్పలేదు. ఇంకో ఫోటో తీసుకుని వెళ్ళిపోయాడు. సాయంత్రానికి నా ఫోనుకు మెసేజీ: మీ ఫిర్యాదు పరిష్కారమైంది, మా సేవకు ఎన్ని నక్షత్రాలు ఇస్తారు? చదివి వినిపిస్తే అత్తయ్య, "నక్షత్రాలెందుకు, పిలువు, చుక్కలు చూపిద్దాం" అంది. ఆ వారంలోనే రంగు పెచ్చులుగా ఊడి పిట్ట దుప్పటి మీద పడింది.

బోర్డు ఆఫీసుకు వెళ్ళాను. "గోడ మాదేనమ్మా, దాని బాగోగులు కంపెనీవి" అన్నాడు గుమాస్తా. కంపెనీ తరఫున నెలకొక కొత్త అమ్మాయి వస్తుంది మన బిల్డింగుకు. ఆ అమ్మాయిని అడిగితే, "బాగోగులు మావే మేడమ్, కానీ గోడ లోపలి గొట్టం కట్టడం కిందికి వస్తుంది, అది బోర్డుది" అంది. మళ్ళీ బోర్డుకు వెళ్ళాను. "కారుతున్న గొట్టం మరమ్మతు కిందికి వస్తుంది, అది వాళ్ళది" అన్నాడు. ఇద్దరూ మర్యాదగానే మాట్లాడారు. అదే నా ఒళ్ళు మండించింది. ఒక్కరు కసిరినా నేనూ కసిరి మనసు తేలిక చేసుకునేదాన్ని. ఇంటికొచ్చి అత్తయ్యకు చెబితే దగ్గు ఆపుకుని, "గోడ ఒకళ్ళది, గొట్టం ఒకళ్ళది. ఈ దగ్గు ఎవరిదో కూడా అడిగి రాకపోయావా?" అంది.

ఆ సమయంలోనే కంపెనీ కొత్త మాట ఎత్తింది. బిల్డింగు మొత్తం బాగు చేస్తారట, అందరూ ఒప్పుకోలు కాగితం మీద సంతకం పెట్టి, ఖాళీ చేసి ఊరి చివర కొత్త బ్లాకులకు వెళ్ళాలట. మళ్ళీ ఇక్కడికి రానిస్తారా అంటే, "పరిశీలిస్తాం" అన్నారు. ఎదురింటి టీచరమ్మ ఎలాంటి మనిషో మీకు తెలుసు కదా, రిటైరయ్యాక కూడా ఎవరు తప్పు మాట్లాడినా దిద్దందే ఊరుకోదు. ఆవిడ డాబా మీద మీటింగు పెట్టి, "పరిశీలిస్తాం అనేది జవాబు కాదు. తిరిగి రానిస్తామని రాసి ఇచ్చేదాకా ఒక్కరు కూడా కదలకూడదు" అంది. అందరం సరేనన్నాం. ఇల్లిల్లూ తిరిగి చెప్పే పని నాకప్పగించింది. తిరిగాను. వెనకాడిన వాళ్ళతో వాదించాను. పై అంతస్తు డ్రైవరు, "మాకు పసిపిల్ల ఉంది, కొత్త ఇల్లయితే బాగుంటుంది కదక్కా" అంటే, "అందరం ఒక మాట మీద ఉండకపోతే తర్వాత ఆ పిల్లకే గూడుండదు" అని పెద్ద ఆరిందాలా చెప్పి వచ్చాను. అది రాస్తే మీరు పొంగిపోయి, "శభాష్! ఏం జరిగినా సంతకం మాత్రం పెట్టకు" అని జవాబు రాశారు.

ఆ మాట దగ్గరికే వస్తున్నాను.

ఒక మధ్యాహ్నం నేను మిషను మీద ఉన్నాను. అత్తయ్య దగ్గు ఆగలేదు. ఆగలేదంటే, ఊపిరి తీసుకునే సందు కూడా ఇవ్వలేదు. లోపలికి వెళ్ళేసరికి మంచం పట్టె పట్టుకుని వంగిపోయి ఉంది, పెదాలు నల్లబడ్డాయి. ఆటోలో ఆస్పత్రికి ఎలా తీసుకెళ్ళానో నాకే తెలియదు. ఆక్సిజన్ పెట్టారు. తేరుకున్నాక డాక్టరమ్మ నన్ను పక్కకు పిలిచి, ఇంట్లో చెమ్మ ఉందా అని అడిగింది. ఉందన్నాను. "మందులు నేనిస్తాను. కానీ ఆ గదిలోకే మళ్ళీ తీసుకెళ్తే నా మందులు దండగ" అంది. మీకప్పుడే చెప్పలేదు. చెబితే అంత ఎత్తున నిలబడి మీరు నిప్పుతో పని చెయ్యాలి, చెయ్యి వణికితే ఎలా?

ఆస్పత్రి నుంచే కంపెనీ మేనేజరు దగ్గరికి వెళ్ళాను. గొట్టం బాగు చేసేదాకా ఎక్కడైనా ఒక పొడిగది ఇమ్మని అడిగాను. అతను మంచినీళ్ళు ఇచ్చి, కుర్చీ వేసి, "గది రేపే ఇస్తాం మేడమ్. కొత్త బ్లాకులో. మీరు ఒప్పుకుంటే చాలు" అన్నాడు.

"తిరిగి రానిస్తామని రాసివ్వండి."

"అది నా చేతుల్లో లేదు."

"అయితే ఇది బెదిరింపు కదండీ?"

"అయ్యో, అదేం మాట మేడమ్! ఇది అవకాశం" అన్నాడు. నిజంగానే నొచ్చుకున్నాడు కూడా.

సంతకం పెట్టానండి.

పెట్టి ఊరుకోలేదు. దొంగలా వెళ్ళాను. టీచరమ్మ బజారుకు వెళ్ళే వేళ చూసుకుని వ్యాను పిలిపించాను. ఇల్లిల్లూ తిరిగి కదలొద్దని చెప్పిన నేను, ఒక్క గడప కూడా తొక్కకుండా, ఎవరికీ మాటైనా చెప్పకుండా మిషను దింపుకుని వెళ్ళిపోయాను. కవరు వెనక చిరునామా మీరు చూసి ఉంటారు. రాయడంలో పొరపాటు కాదు, మనం ఇప్పుడు ఉంటున్నది అక్కడే.

ఇక్కడ గోడలు పొడిగా ఉన్నాయి. అత్తయ్యకు దగ్గు చాలావరకు తగ్గింది. మాట కూడా ఆగింది. ఆస్పత్రి నుంచి తిన్నగా ఇక్కడికి తెస్తున్నానని, నడిరోడ్డు మీద వ్యానులో ఉండగానే తెలుసుకుంది. "నా దగ్గు అడ్డం పెట్టుకుని నలుగురిలో నేను తలెత్తుకోకుండా చేశావు" అంది. అంతే. ఆ తర్వాత అన్నం పెడితే తింటుంది, మందిస్తే మింగుతుంది, పిట్టతో కబుర్లు చెబుతుంది. నాతో మాత్రం ఉలుకూ లేదు, పలుకూ లేదు. ఆవిడ సణుగుడు లేని ఇల్లు ఇంత కష్టంగా ఉంటుందని నేనెప్పుడూ అనుకోలేదు.

అసలు దెబ్బ తర్వాత తగిలింది. కంపెనీ వాళ్ళు ప్రతి గుమ్మం ముందూ నిలబడి, "ఇల్లిల్లూ తిరిగి కదలొద్దని చెప్పినావిడే వెళ్ళిపోయింది, మీరెందుకు బాధపడతారు?" అన్నారట. డ్రైవరు కుటుంబం ఇక్కడికి వచ్చేసింది. వాళ్ళ వెనక ఇంకొందరు. నేను ఎవరి నోరు మూయించి వచ్చానో వాళ్ళే ఇప్పుడు ఇక్కడి మెట్ల మీద ఎదురుపడి పలకరిస్తుంటే తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియడం లేదు. మీ మీద కూడా కోపం వస్తోంది, ఎందుకు అబద్ధం చెప్పాలి? "సంతకం పెట్టకు" అని రాయడం తేలిక. ఆ మంచం పక్కన మీరు లేరు.

మొన్న ఆదివారం పట్టలేక పాత బిల్డింగుకు వెళ్ళాను. గేటుకు కార్డు తాళం పెట్టారు, నా కార్డు పని చేయలేదు. చువ్వలు పట్టుకుని బయట నిలబడ్డాను. తెలిసినవాళ్ళు ఇద్దరు చూసి తల తిప్పుకుని వెళ్ళారు. వెనక్కి తిరగబోతుంటే టీచరమ్మ మెట్లు దిగి వచ్చి, నన్ను ఎగాదిగా చూసి, తన కార్డుతో గేటు తీసింది.

"లోపలికి రా. తిట్టాలంటే నువ్వు లోపల ఉండాలి కదా."

తిట్టింది. వెళ్ళినందుకు కాదు, చెప్పకుండా వెళ్ళినందుకు. "చెప్పి ఉంటే మేమే సామాను మోసి ఎక్కించేవాళ్ళం. నీ అత్తగారి ప్రాణం కన్నా మా పంతం ఎక్కువనుకున్నావా?" అంది. నేను ఏడ్చాను. ఏడవనిచ్చి, తర్వాత పని చెప్పింది. తిరిగి వచ్చే హక్కు అక్కడ మిగిలినవాళ్ళకే కాదు, వెళ్ళినవాళ్ళకూ కావాలట. లోపలివాళ్ళు, బయటివాళ్ళు కలిసి అడిగితేనే బోర్డు, కంపెనీ ఒకరి మీద ఒకరు తోసుకోకుండా ఉంటారట. "అక్కడి తలుపులు ఎవరు తడతారు? నువ్వే తట్టాలి" అంది.

నిన్న సాయంత్రం బయల్దేరాను. బయల్దేరానే గానీ గుమ్మం దగ్గరే ఆగిపోయాను. ఏ మొహం పెట్టుకుని డ్రైవరు తలుపు తట్టను? ఏమని చెప్పను? చెప్పులు వేసుకుని, విప్పి, మళ్ళీ వేసుకుంటుంటే వెనక మంచం కిర్రుమంది. అత్తయ్య లేచి శాలువా భుజాన వేసుకుంది.

"ఆగు. నేనూ వస్తాను. దగ్గింది నేనైతే చెప్పేది నువ్వా?" అంది.

రెండు బ్లాకులు తిరిగాం. ప్రతి గుమ్మంలో మాట్లాడింది ఆవిడే. డ్రైవరు మాకు కుర్చీలు వేశాడు. అందరూ ఒప్పుకోలేదు, కొందరు తలుపే తీయలేదు. కంపెనీ ఇంకా ఏమీ రాసివ్వలేదు. పాత ఇంట్లో గొట్టం ఇప్పటికీ కారుతూనే ఉంటుంది. కానీ దారి పొడుగునా అత్తయ్య నన్ను సణుగుతూనే ఉంది, నడక చేతకాదని, గట్టిగా తలుపు తట్టడం కూడా రాదని.

మీ చెయ్యి జాగ్రత్త. కోపం వస్తే వచ్చిందని రాయండి, మౌనంగా మాత్రం ఉండకండి. ఆ శిక్ష నాకు ఒకసారి చాలు.

ఇట్లు,
సంతకం పెట్టి చెడ్డా, ఇక్కడ మళ్ళీ పెడుతున్న
మీ ఇల్లాలు