ఫరహా నాకు చెప్పిన మాట

జనవరి 6, 2025

మా కంపెనీ దుబాయ్‌లో ఆఫీసు తెరిచింది. ఖమ్మంలో మిర్చి గోదాములు పెట్టినప్పటి లెక్కల పద్ధతి ఇక సరిపోదట. నెలాఖరులోగా సీనియర్ అకౌంటెంట్‌ను తీసుకోవాలని మా ఓనర్ బలరాం సార్ అన్నారు. ఈ కంపెనీలో హెచ్‌ఆర్ అంటే నేనొక్కదాన్నే.

జనవరి 20

ఇంటర్వ్యూలు. అందరికంటే ఫరహా బాగా చేసింది. ఎక్స్‌పోర్ట్ పన్ను రీఫండ్ల గురించి సార్ అడగనిది కూడా చెప్పింది. బయటికి రాగానే వాష్‌రూమ్‌లో వాంతి చేసుకుంది. మూడో నెలట.

"ఆఫర్ వచ్చినంక సార్‌కు నేనే చెప్త. గప్పటిదాంక మీ మనసులనే పెట్టుకోండ్రి, జమ్లి అక్కా" అన్నది.

సరే అన్నాను. చెయ్యి పట్టుకుని మరీ అన్నాను.

జనవరి 21

చెప్పేశాను.

సార్ ఫరహా పేరు ఖాయం చేస్తూ, ఇంకేమైనా ఉందా అని మామూలుగానే అడిగారు. లేదు అనేస్తే అయిపోయేది. తర్వాత తెలిస్తే నన్నంటారని భయం. అంతే.  సార్ ఆమె రెజ్యూమె పక్కన పెట్టి, ఇంటర్వ్యూల్లో ఆమె తర్వాత నిలిచిన కోటేష్‌ది తీశారు.

జనవరి 22

ఫరహా ఫోన్ చేసింది. ఎక్స్‌పీరియన్స్ చాలలేదని చెప్పాను. నమ్మింది. పైగా నన్నే ఓదార్చింది, మీ చేతిలో ఏముందక్కా అని. ఏదో కోర్సులో చేరుతుందట.

జనవరి 26

మా ఊరు టేకులపల్లి వచ్చాను. పూలి వదిన కోడికూర వండింది. అన్నం కెలుకుతూ కూర్చున్నాను. ఏమైందని అడిగితే జరిగింది చెప్పాను. వదిన కడుపుతో ఉన్నప్పుడు మా అన్న కన్నా ముందు నాకే చెప్పింది. నావైపు ఒకసారి చూసి, లేచి గిన్నెలు తీసింది.

ఫిబ్రవరి 10

చేరిన కొద్దిరోజులకే కోటేష్ మానేశాడు. హైదరాబాద్‌లో పెద్ద ఆఫర్. ఫరహాను పిలవమన్నారు సార్, ఏమీ జరగనట్టు.

మెటర్నిటీ లీవ్ ఆఫర్ లెటర్‌లోనే రాసిస్తే పిలుస్తానన్నాను.  సార్ రాయమన్నారు.

ఫిబ్రవరి 11

ఫరహా వాళ్లింటికి వెళ్లాను. వాళ్లాయన మతీన్ కుర్చీ వేసి, చాయ్ తెస్తానని బయటికెళ్లాడు. సార్‌కు చెప్పింది నేనేనని అప్పుడు చెప్పాను. క్షమించమన్నాను. ఆమె లెటర్ ఆఖరిదాకా చదివింది.

"నౌకరికి వస్త. నాకు అవసరం. మీతోని ఆఫీసు పని తప్ప ఇంకో ముచ్చట మాట్లాడ."

మతీన్ చాయ్ తెచ్చేలోపే వచ్చేశాను.

జూన్ 9

ఫరహా మెటర్నిటీ లీవ్ మెయిల్‌ను సార్ నాకు ఫార్వర్డ్ చేశారు. ఆమె నాకు పంపలేదు.