యోనా బావను పోగొట్టింది అన్నం కాదు

అత్తా, మీకు దండాలు. ఫోనులో మీకు వినపడదని రాస్తున్నాను, పక్కింటి అరుణ చేత చదివించుకోండి.

కర్నూలులో స్కాను తీశారు. మీ అబ్బాయికి పుట్టుకతోనే పేగు సరిగా అమరలేదట, ఇప్పుడు మెలిపడింది. ఆపరేషన్ చేసి నల్లబడిన ముక్క తీసేశారు. ప్రాణభయం లేదు.

"మా అన్న యోనా కూడా సద్దన్నం తిని ఇట్లే కక్కుకోని పోయినాడు సార్" అన్నారు ఈయన.

"అతనికీ ఇదే ఉండొచ్చు, ఇప్పుడు తేల్చలేం. అన్నం తిన్నందుకు మాత్రం కాదు" అన్నాడు డాక్టరు.

ఈయన గోడవైపు తిరిగి ఏడ్చారు. "తాను పెట్టిన సద్దన్నమే కొడుకును సంపిందని అమ్మ ఇన్నేండ్లు కుమిలిపోతాంది. కాదని రాయి."

మేకకు మేత వేస్తున్నారా? మీ కంటి చుక్కలు ఉన్నాయా? డాక్టరు తినమన్న రోజు కబురు చేస్తాను, మీరే వండుకుని రండి. ప్రభువు మీకు తోడుండాలి.

కోడలు సలోమి