మా ఇంట్లో నేనే అతిథిని

బిష్కెక్,
జూన్ 6

ప్రియమైన అమ్మకు,

నువ్వూ నాన్నా మందతో క్షేమంగా కొండెక్కారని డ్రైవర్ సత్తార్ చెప్పాడు. ఈసారి కూడా నువ్వు గుర్రం మీద కాకుండా లారీలో వంటపాత్రల మధ్య కూర్చుని వెళ్ళావని కూడా చెప్పాడు. అది నేను అడగలేదు. సోన్‌కుల్ సరస్సు ఒడ్డున ఫోను పలకదు కాబట్టి ఈ వేసవంతా ఆయన జీపే మన పోస్టాఫీసు. ఉత్తరాలు విప్పి చదవడని నమ్ముతున్నాను. చదివినా ఈ ఉత్తరం ఆయనకీ పనికొస్తుంది.

నీ ఎక్స్‌రే పట్టుకుని ఎముకల డాక్టరు దగ్గరికి వెళ్ళాను. దాన్ని కిటికీకి ఆనించి చూసి మోకీలు మార్చాల్సిందే అన్నాడు. సెప్టెంబరు పదిహేనుకి తేదీ కూడా రాశాడు. రాస్తూ నీ బరువెంతని అడిగాడు. తొంభై ఎనిమిది అన్నాను. పెన్ను కింద పెట్టేశాడు. ఎనభై ఎనిమిదికి దిగితేనే ఆపరేషనట. ఆగస్టు ఇరవై ఐదులోగా కొచ్‌కోర్ ఆసుపత్రిలో తూయించుకుని కాగితం పంపాలి. పంపకపోతే ఆ తేదీ ఇంకొకరికి పోతుంది, మళ్ళీ ఎప్పుడొస్తుందో ఆయనకే తెలియదు. ఇదంతా చెబుతున్నంతసేపూ ఆయన పొట్ట బల్లకి ఆనుకునే ఉంది.

నీ కాలు బాగుపడకపోతే మంద అమ్మేసి ఊళ్ళో కూర్చుందామని నాన్న నిరుడే అన్నాడు. నువ్వు ఊళ్ళో కూర్చోవడం నేను ఊహించలేను. నువ్వూ ఊహించలేవు.

అందుకని ఈ పట్టిక. పొద్దున ఉప్పు లేకుండా ఉడికించిన గ్రెచ్కా నూక. మధ్యాహ్నం ఒక దోసకాయ, ఒక గుడ్డు. సాయంత్రం మీగడ తీసేసిన పెరుగు. నూనెలో వేయించిన బోర్సోకులు వద్దు. మీగడ వద్దు. గొర్రె తోక కొవ్వు వద్దు. గుర్రప్పాల కుమిస్ కూడా వద్దు. ఇక బతకడం దేనికని అడుగుతావు. నేను కూడా నీతోపాటు ఇదే తింటున్నానమ్మా. కాలేజీ వదిలాక ఇది నా మూడో ఉద్యోగం. ఒక్కో ఆఫీసు కుర్చీ నాకు రెండేసి కిలోలు బహుమతిగా ఇచ్చింది.

నీ ఆకలి కూతురు,
బెగిమాయ్


సోన్‌కుల్,
జూన్ 17

నా బంగారు బెగిమాయ్‌కి,

నీ చుట్టూ తిరిగి నీ కష్టాలన్నీ నేను తీసుకుంటాను తల్లీ. నీ పట్టిక అందింది. గుడారం గోడకి గుచ్చాను. మీ నాన్న రోజూ టీ తాగుతూ దాన్ని చదువుకుని నవ్వుకుంటున్నాడు. దోసకాయ ఎక్కడ కాస్తుందో మీ డాక్టరుని అడుగు. ఇక్కడ పొద్దున్నే బకెట్టు మీద మంచు పగలగొట్టి నీళ్ళు తీస్తున్నాం.

అయినా నేను నిజాయితీగానే మొదలుపెట్టాను. మొదటిరోజు పక్క గుడారం జుమాకాన్ కుమిస్ గిన్నె చేతికిచ్చింది. వద్దన్నాను. ముఖం పాలిపోయింది దానికి. రొట్టె పెట్టింది. అదీ వద్దన్నాను. మూడేళ్ళ కిందట మన గొర్రెపిల్ల వాళ్ళ మందలో కలిసిపోయిన సంగతి ఇంకా మనసులో పెట్టుకున్నావా వదినా అని ఏడుపు మొదలెట్టింది. కాదు, డాక్టరు వద్దన్నాడంటే, నా కుమిస్ గురించి బిష్కెక్ డాక్టరుకేం తెలుసని ఇంకా ఏడ్చింది. సాయంత్రం వాళ్ళాయన వచ్చి మా వల్ల తప్పేం జరిగిందని మీ నాన్ననడిగాడు. ఇద్దరూ బయట నిలబడి చాలాసేపు గంభీరంగా మాట్లాడుకున్నారు. ఇక్కడ గిన్నె వద్దంటే మనిషిని వద్దన్నట్టేనని నీకు చెప్పే పనిలేదు, మర్చిపోయి ఉంటావంతే.

ఇక అసలు సంగతి రాయాలి. రాయకపోతే నిద్రపట్టదు. వచ్చేపోయేవాళ్ళ కోసం బోర్సోకులు వేయించాను. వేయిస్తున్నంతసేపూ ఒక్కటీ నోట్లో వేసుకోలేదు. తర్వాత ఒడిలో పోసుకుని పిడకల గుట్ట వెనక్కి వెళ్ళి నిలబడి తిన్నాను. పదకొండు. దొంగలా ఎవరైనా వస్తున్నారేమోనని చూస్తూ తిన్నాను కాబట్టి రుచి కూడా గుర్తులేదు. ఆ సిగ్గుతో ఇంకో నాలుగు తిన్నాను.

నిన్న ఉన్ని తూచే కాటా ఎక్కాను. తొంభై తొమ్మిది. మీ నాన్న పైకే చదివాడు. కాస్త తడి ఉంది, ఉన్నికి తీసినట్టే దానికో కిలో తీసేద్దాం అన్నాడు.

నన్ను తిట్టు. మీగడ సీసా పంపుతున్నాను, నువ్వు తినకపోతే నీ గదిలో పిల్లకివ్వు.

మీ అమ్మ,
ఉల్కాన్


బిష్కెక్,
జూన్ 25

ప్రియమైన అమ్మకు,

నిన్ను తిట్టడానికి మూడు కాగితాలు పాడుచేశాను. ఇది నాలుగోది. చల్లారాక రాస్తున్నాను.

పదిహేను బోర్సోకులమ్మా. పదకొండు అని ముందు రాసి, నాలుగు విడిగా రాస్తే నేను కలుపుకోలేననుకున్నావా. నీ మోకాలు ఎముక మీద ఎముక రాసుకుంటోందని డాక్టరు చెప్పాడు. రెండున్నర నెలల్లో పది కిలోలన్నారు, నువ్వు పదకొండు చేశావు. జుమాకాన్ పిన్ని ఏడిస్తే ఏడవనీ. మంద అమ్మినరోజు ఎంతమంది ఏడుస్తారో లెక్కేసుకో. అందులో మొదటివాడు నాన్న. ఆయన నవ్వుతున్నాడంటే భయపడుతున్నాడని అర్థం, ఇన్నేళ్ళ కాపురంలో అది నీకే బాగా తెలిసుండాలి.

నీ మీగడ సీసా నా గదిలో ఉండే అల్తినాయ్‌కిచ్చేశాను. తను గడ్డిపోచలా ఉంటుంది, ఏం తిన్నా ఒంటికి పట్టదు. నేను రెండు కిలోలు తగ్గాను. కష్టమేం కాదు. మనసు గట్టిగా ఉండాలంతే.

అయిదు కిలోల గ్రెచ్కా నూక పంపుతున్నాను. గొర్రెలకి పెట్టకు.

కోపంగా, అయినా నీ,
బెగిమాయ్


సోన్‌కుల్,
జులై 12

నా గట్టి మనసు కూతురికి,

నూక అందింది. గొర్రెలకి పెట్టలేదు. మీ నాన్న పెట్టాడు. అవీ తినలేదు.

నవ్వొద్దు, నాకు దారి దొరికింది. తొంభై అయిదుకి వచ్చాను. తడి తీసేయకుండానే.

జుమాకాన్ మనవడికి తొలి అడుగుల పండుగ చేశారు. పిల్లాడి కాళ్ళకి కట్టిన దారం కోశారు, రెండడుగులు వేసి పడ్డాడు, అందరం దీవించాం. తర్వాత గొర్రె వచ్చింది. ఎవరి వయసుకి తగ్గ ముక్క వాళ్ళ ముందు పెట్టారు. నా ముందు తుంటి ముక్క, పైన కొవ్వు వణుకుతోంది. నీ పట్టిక కళ్ళ ముందు కదిలింది. ఏం చేయాలో తోచక పక్కకి చూశాను. జుమాకాన్ అత్తగారు కూర్చుని ఉంది. తొంభై ఏళ్ళు, ఎండుపుల్లలా ఉంటుంది, ఇప్పటికీ గుర్రమెక్కుతుంది. కొవ్వులోంచి చిన్న ముక్క కోసుకుని, కళ్ళు మూసుకుని నమిలింది. మాంసంలోంచి ఇంకో ముక్క. ఒక బోర్సోక్, మీగడ అద్దుకుని. టీ. కత్తి తుడుచుకుని మిగతాదంతా సంచిలో వేసి మూతి కట్టేసింది. అందరం చేసేదే కదా, ఇంటికి పట్టుకెళ్ళే పండుగ వాటా. కానీ మేమంతా ముందు కడుపు పగిలేలా తిని, అప్పుడు మిగిలింది కట్టుకుంటాం.

అంతేనా తిన్నారని అడిగాను.

"మొదటి ముక్క నాలుక తింటుందమ్మా, రెండోది కడుపు తింటుంది," అంది. "మూడోదాన్నుంచి ఎవరు తింటున్నారో నాకూ తెలీదు. అందుకని ఇంటికి పంపించేస్తా."

అక్కడే నేనూ అలాగే చేశాను. కొవ్వు తిన్నాను తల్లీ, అందరి ముందూ కూర్చుని, సిగ్గు లేకుండా. ఎంత బాగుందో. జుమాకాన్ కూడా సంతోషించింది, దాని గొర్రెపిల్ల భయం తీరింది.

ఇంటికొచ్చి ఆలోచించాను. పండుగలో సరే, ఇంట్లో ఎలా. మన గుడారంలో నేను చివరిసారి కూర్చుని తిన్నదెప్పుడో గుర్తురాలేదు. వచ్చినవాళ్ళకి పెడతాను, మీ నాన్నకి పెడతాను, తలుపు దగ్గర నిలబడి గిన్నెల అడుగులు గీకి తింటాను. గీకింది తిండి లెక్కలోకి రాదనుకున్నాను. కాటా లెక్కలోకి అదే వచ్చింది.

మర్నాడు మంచి దుస్తులు వేసుకుని, తలుపుకి ఎదురుగా పెద్దవాళ్ళని కూర్చోబెట్టే చోట కూర్చున్నాను. మీ నాన్న లోపలికొచ్చి ఆగిపోయాడు.

"ఎవరైనా వచ్చారా?"

"వచ్చాను," అన్నాను. "టీ పొయ్యి."

ముప్ఫై ఏళ్ళలో ఆయన టీ పోయడం అదే మొదలు. సగం కప్పే పోశాడు, అతిథికి అలా పోయడం మర్యాదే, కానీ ఆయన మర్యాదకి పోయలేదు, కెటిల్ కాలింది. ఆ రోజు నుంచి మా ఇంట్లో నేనే అతిథిని. నాకిష్టమైనవన్నీ వండి, అన్నీ కొంచెం తిని, దీవించి లేచిపోతాను. మిగతాది సంచిలోకి. గిన్నెలు మీ నాన్న గీకుతున్నాడు.

మనసు గట్టిగా ఉండాల్సిన పనే లేదు. కూర్చుంటే చాలు.

మీ అమ్మ,
ఉల్కాన్


బిష్కెక్,
జులై 30

ప్రియమైన అతిథిగారికి,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మొదటిసారి నమ్మలేదు. రెండోసారి మీరు ఉన్ని కాటాకి కింద రాయేదో పెట్టారనుకున్నాను. ఇంతలో సత్తార్ వచ్చి, ఉల్కాన్ అక్క తొంభై రెండట, మొన్న సంచి ఎత్తడానికి తనే వంగింది, చూశానన్నాడు. అప్పుడు మూడోసారి చదివి ఏడ్చాను. సంతోషం సగమే.

మిగతా సగం చెబుతాను. నేను రెండు కిలోలు తగ్గలేదు. మూడు పెరిగాను. మీగడ సీసా అల్తినాయ్‌కివ్వలేదు. ఇద్దామనే మూత తీశాను. ఫ్రిజ్ తలుపు తెరిచే ఉంచి, దాని వెలుతురులో నిలబడి, ఒక రొట్టె మొత్తం చింపి ముంచుకుని తినేశాను. తలుపు మూయలేదు కాబట్టి తింటున్నట్టు కాదని నా ఉద్దేశం. తర్వాత సీసా కడిగి అల్తినాయ్ అరలో పెట్టాను. నీకు ఉత్తరం రాసింది ఆ రోజు సాయంత్రమే. మనసు గట్టిగా ఉండాలని రాశాను చూడు, ఆ వేళ్ళకి ఇంకా మీగడ వాసన ఉంది.

వారమంతా నూక, దోసకాయ. శుక్రవారం ఎవరో తరుముతున్నట్టు బజార్లో నడుస్తూ మాంసం కూరిన సంసాలు. ఆఫీసులో అందరూ అంతే. మధ్యాహ్నం కంప్యూటర్ ముందు ఆకులు నములుతారు, మెట్ల కింద చాక్లెట్లు తింటారు. ఒకరి కాగితాల చప్పుడు ఇంకొకరం విననట్టు నటిస్తాం.

నిన్న నీలాగే చేసి చూశాను. అల్తినాయ్ బట్టలు బల్ల మీద నుంచి తీసి, ఒక సంసా ప్లేటులో పెట్టుకుని, కూర్చున్నాను. సగం అయ్యేసరికి లేచి ఎక్కడికో వెళ్ళాలనిపించింది. నాకు ఉద్యోగాల్లోనూ అంతే కదా. అయినా కూర్చున్నాను. చివరికి కొంచెం మిగిలింది. నా జీవితంలో సంసా మిగలడం ఇదే మొదలు.

తిట్టాలంటే తిట్టు. ఇరవై ఐదు మాత్రం మర్చిపోకు. ఇంకా నాలుగు కిలోలే తగ్గాలి. ఒక్క సందేహం. రోజూ సంచి నింపుతున్నావు సరే, ఆ సంచులన్నీ ఎక్కడికి పోతున్నాయి?

నీ అబద్ధాల కూతురు,
బెగిమాయ్


సోన్‌కుల్,
ఆగస్టు 23

నా బెగిమాయ్‌కి,

నిన్నెందుకు తిడతాను. నీది ఫ్రిజ్, నాది పిడకల గుట్ట.

నిన్న సత్తార్ జీపులో కొచ్‌కోర్ వెళ్ళాం. నేను పొద్దున్నుంచీ టీ కూడా తాగలేదు. చెవిపోగులు తీసేశాను. శాలువా తీసేశాను. నర్సు ఇంకేమైనా తీస్తావా అక్కా అని అడిగింది. ఊపిరి బిగపట్టి ఎక్కాను. దాంతో ఏమైనా తేలికవుతానేమోనని. ఎనభై ఏడు కిలోల నాలుగు వందల గ్రాములు. నర్సు రాసి ముద్ర వేసింది. నేను కిందకి దిగి, ఎవరూ చూడట్లేదనుకుని, ఆ కాగితాన్ని ముద్దుపెట్టుకున్నాను.

అంతటితో వచ్చేస్తే బాగుండేది. మీ నాన్న సరదా పడ్డాడు. ఇంత మంచి కాటా రోజూ దొరకదు, నన్నూ చూడమ్మా అని ఎక్కాడు. జూన్‌లో ఉన్ని కాటా మీద ఎనభై ఆరు ఉన్న మనిషి. తొంభై ఆరు. నర్సు ఆయన్ని దింపి, మళ్ళీ ఎక్కించి, మళ్ళీ చూసింది. తర్వాత బీపీ పట్టీ కట్టింది. దాంట్లో అంకె చూసి నవ్వడం మానేసింది. ఏం తింటున్నారు అన్నా అని అడిగింది. ఏమీ లేదమ్మా, ఈవిడ మిగిల్చిందే అన్నాడు.

నీ సందేహానికి జవాబు అదే తల్లీ. సంచులు ఎక్కడికీ పోలేదు. పండుగ వాటా పారేస్తే పాపమని మీ నాన్న పొద్దున ఒకటి, మందని మళ్ళించాక ఒకటి ఖాళీ చేస్తున్నాడు. పైగా గిన్నెలు. నడుం బెల్టు రెండు కంతలు వదులు చేసినప్పుడు తోలు బిగుసుకుందన్నాడు, నేను నమ్మాను.

నర్సు మా ఇద్దరి కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని చూసింది. "అక్కా, మీ ఇంట్లోంచి పోయిందేమీ లేదు," అంది. "చెయ్యి మారిందంతే."

కొండెక్కి గుడారం కనిపించాక మీ నాన్న అన్నాడు. "నువ్వు లారీలో వెళ్తుంటే వెనకాల గుర్రం మీద రావడం నాకు బాగుండేది కాదు ఉల్కాన్. నువ్వు తినకుండా చూడటానికి నాకు తెలిసిన ఉపాయం, ముందు నేను తినేయడమే." మంద అమ్ముదామన్న మనిషి ఇన్నాళ్ళూ ఏం చేస్తున్నాడో అప్పుడు తెలిసింది. నువ్వు రాసింది నిజమే, ఆయన నవ్వు గురించి.

అందుకని ఈ కవరులో రెండు కాగితాలున్నాయి. ఎముకల డాక్టరుకి నాది ఒక్కటే ఇవ్వు. పదిహేనుకి వస్తున్నామని చెప్పు. రెండోది గుండె చూసే డాక్టరెవరికైనా చూపించు. పట్టిక రాస్తానంటే మాత్రం వద్దను. పట్టిక మా దగ్గరుంది, గోడకే ఉంది, దాని వెనకవైపు మీ నాన్న కొత్తది రాస్తున్నాడు.

ఇప్పుడు ఆయన కూడా అతిథే. కాకపోతే నిన్న సాయంత్రం ఇద్దరం మంచి బట్టలు వేసుకుని, తలుపుకి ఎదురుగా పక్కపక్కన కూర్చుని, టీ ఎవరు పోస్తారా అని చాలాసేపు చూశాం. చివరికి వంతులు వేసుకున్నాం. ఒకరోజు నేను అతిథిని, ఒకరోజు ఆయన. సంచులు ఇకమీద చిన్నవి, అవీ వారానికొకటి నీకు. సత్తార్‌తో వచ్చింది విప్పి, బల్ల ఖాళీ చేసి, కూర్చుని తిను. చాలనిపించిన చోట ఆగి అల్తినాయ్‌కివ్వు. ఈసారి నిజంగా.

ఈరోజు నా వంతు. అందుకే ఇంత తీరిగ్గా రాస్తున్నాను. బయట మీ నాన్న టీ నీళ్ళ సమోవర్ రాజేస్తూ దాన్ని తిడుతున్నాడు. పొగ నాకు తగలకుండా గుడారం తెర దించి వెళ్ళాడు.

నీ జవాబు కోసం కూర్చుని ఉన్న,
అమ్మ