తమ్ముడి పోలిక

జూన్ 6
మొన్న వేసిన ఇంజెక్షన్ తన పని తాను చేస్తోంది. ఫ్యాను కింద కూర్చున్నా ఒంట్లోంచి ఆవిర్లు. ప్రోస్టేట్ క్యాన్సర్‌కి మగ హార్మోను ఆపేయాలట... ఆపారు.
పొద్దున్నే తమ్ముడు రవీందర్ ఫోటో పంపాడు. అనంతగిరి గుట్ట ఎక్కి, పళ్లన్నీ బయటపెట్టి నవ్వుతూ. కింద "గుడ్ మార్నింగ్ అన్నా". నాకంటే రెండేళ్లే చిన్న. వాడు వికారాబాద్‌లో రిటైరైన బడి సారు, నేను తాండూరులో బండల పాలిష్ దుమ్ము మింగినవాణ్ణి.
ఫోటో తీసేశాను. మళ్లీ వెతికి చూశాను.

జూన్ 9
బస్సెక్కితే వాడు కిటికీ సీటు చూసుకుంటాడు. నేను బస్టాండులో మూత్రశాల ఎటుందో చూసుకుంటాను.

జూన్ 14
వికారాబాద్. డాక్టరు గది.
"జన్యు పరీక్ష చేయించుకోండి. రక్తం ఇస్తే చాలు. మీకు మందు ఎంచుకోవడానికి పనికొస్తుంది. మీ రక్తసంబంధీకులకు కూడా. ముఖ్యంగా మీ తమ్ముడు ముందే జాగ్రత్తపడొచ్చు."
తమ్ముడు! రోగం నాకు, సూదులు నాకు, జాగ్రత్త వాడికి. నాకెవరు చెప్పారు ముందే? నాన్న మూత్రం ఆగిపోయి, బాధపడి బాధపడి పోయాడు. ఇంట్లో అందరూ వేడి చేసిందన్నారు, సబ్జా నీళ్లు పోశారు. అంతే.
"సోచాయించి చెప్త సార్" అని, ఆలోచించుకునేవాడిలా లేచి వచ్చేశాను. వెంట వచ్చిన నా భార్య సావిత్రి ఇల్లు చేరేదాకా నాతో మాట్లాడలేదు.

జూన్ 15
మాట్లాడింది. "గింత సోచాయించేదేముంది? రక్తమే అడిగిండ్రు గని కిడ్నీ అడగలే గద."
నవ్వొచ్చింది. నవ్వలేదు.

జూన్ 22
రవీందర్ ఇంట్లో భోజనం. పరిగి నుంచి మా బిడ్డ మమత కూడా వచ్చింది. వచ్చిన దగ్గర్నుంచి "చిన్నాయనా, చిన్నాయనా" అంటూ వాడి పక్కనే. జొన్నరొట్టె ముందు వాడి పళ్లెంలో వేసింది, తర్వాత నా పళ్లెంలో.
మరదలు ఊరుకోవచ్చు కదా. "మమతవి అన్నీ మా సార్ పోలికలే బావా. గా ముక్కు సూడు, గా నవ్వు సూడు."
కన్నది నేను, పెంచింది నేను, పోలిక వాడిదా? పెరుగన్నం తినకుండానే లేచాను.
చేతులు కడుక్కునే దగ్గర వాడు మెల్లగా అడిగాడు. "అన్నా, ఏదో టెస్ట్ చెయ్యమన్నరంట. వదినె చెప్పింది."
"నీకేం ఫికర్? గుట్టలెక్కుతున్నవ్ గద."
వాడి ముఖం చిన్నబోయింది. నాకు హాయిగా అనిపించింది. ఆ హాయి బస్సు దిగేదాకా కూడా నిలవలేదు.

జూలై 1
సావిత్రి మళ్లీ వికారాబాద్ తీసుకెళ్లింది... లాక్కెళ్లింది. పరీక్ష సంగతి వివరించే అమ్మాయి, మమత ఈడుది. మీ ఇంట్ల ఎవరెవరికి ఏమేం జబ్బులొచ్చినయ్ సార్ అని అడిగింది. తాత, నాన్న, నేను, తమ్ముడు... చెప్పేశాను.
"ఆడోళ్లు?"
"అక్క ఉండె. పెద్దేముల్ ఇచ్చినం. పెండ్లయినంక ఆమె వేరే ఇంటామె గదమ్మా, మా లెక్కల రాదు."
"ఆమెకు ఏమైంది సార్?"
"రొమ్ము క్యాన్సర్. పోయింది."
ఆ అమ్మాయి చేతిలో పెన్ను ఆగింది. "వేరే ఇంటికి పోయినా రక్తం మీ ఇంటిదే గద సార్." తర్వాత నిదానంగా చెప్పింది. మగవాళ్లకు ప్రోస్టేట్, ఆడవాళ్లకు రొమ్ము... ఒకే జన్యువులో తేడా రెండిటికీ కారణం కావచ్చట. తండ్రి నుంచి కూతురికి కూడా వస్తుందట.
"మీకు పిల్లలు, సార్?"
ఒక్క బిడ్డ, పరిగి ఇచ్చినం అనబోయాను. చెయ్యి చాపాను, రక్తం తీసుకోమని.

జూలై 2
సావిత్రి కోడికూర వండింది. తిన్నాను.

జూలై 26
జన్యువులో తేడా ఉంది. డాక్టరు చెప్పారు. అవసరమైతే నాకు పనికొచ్చే మందు ఇంకొకటి ఉందట. తమ్ముడూ బిడ్డా పరీక్ష చేయించుకోవాలట. వాళ్లకు ఉండనూవచ్చు, లేకపోనూవచ్చు, సగానికి సగం.
మమతకు చెప్పే ధైర్యం లేక రవీందర్‌కే ఫోన్ చేశాను. "నువ్వు పరేషాన్ గాకు అన్నా. బిడ్డకు నేను చెప్త. నేనే తోల్కపోత. ఇద్దరం ఒక్కసారే ఇస్తం."
నా బిడ్డను తీసుకెళ్లడానికి కూడా వాడే.

ఆగస్టు 3
రాయడానికి సిగ్గుగా ఉంది. వాడికి కూడా ఉండాలని కోరుకుంటున్నాను. రోగం వద్దు, ఆ తేడా ఒక్కటి చాలు. ఇద్దరు కొడుకుల్లో నాన్న నాకొక్కడికే ఎందుకివ్వాలి?

ఆగస్టు 20
వాడికి లేదు.
ఫోన్‌లో ఏడుస్తున్నాడు. "నాకు లేదంట అన్నా..." లేదని తెలిసి ఏడ్చేవాడు వీడొక్కడే. మమత ఫలితం ఇంకా రాలేదు. తీసిన రక్తం సరిపోలేదని మళ్లీ తీశారట.
"మంచిది" అని పెట్టేశాను. ఒళ్లంతా భగ్గుమంది, ఇది ఇంజెక్షన్ వేడి కాదు. ఆ గుట్ట వాడిదే, నిద్రా వాడిదే, ఇప్పుడు మంచి రక్తం కూడా వాడిదే.

ఆగస్టు 24
రెండుసార్లు చేశాడు. ఎత్తలేదు.

ఆగస్టు 28
మమత నిన్న వచ్చింది. వాకిట్లో బండలు కడుగుతోంది. వాళ్లమ్మ ఏదో అంటే నవ్వింది. ఎండ ముఖం మీద పడుతోంది.
ఆ ముక్కు, ఆ నవ్వు. మరదలు అన్నది నిజమే. అచ్చం వాడే. ఇన్నేళ్లుగా నాకు కనబడుతూనే ఉంది, ఒప్పుకోబుద్ధి కాలేదు. ఇవాళ ఇక్కడ కూర్చుని అదే వేడుకుంటున్నాను. లోపల కూడా వాడి పోలికే ఉండనీ. నాది వద్దు.
ఫోన్ మోగుతోంది. రవీందర్. మమత రిపోర్టు వాడికే పంపుతామన్నారు.
మమత చీపురు పట్టుకునే లోపలికి వచ్చింది. "నాయినా, చిన్నాయన చేస్తున్నడు. ఎత్తు."