తాత క్లాసు, పుస్తకం క్లాసు

సెప్టెంబర్ 9, సోమవారం

వంట నేర్పే వృత్తి బడికి పిలిచారు. అక్కడ ఇండోనేసియా భాష చెప్పే విరంతి టీచరమ్మకు ఒక అనుమానం. ఒక పని ఎలా చెయ్యాలో పిల్లలు రాయాలంటే పుస్తకం చదివించాలా, పని చూపించాలా? పనేమో టెంపే. ఒక క్లాసుకు పుస్తకం, ఇంకో క్లాసుకు నేను. నలభై ఏళ్లుగా సోయా గింజలు పులియబెట్టి టెంపే చేస్తున్నవాణ్ణి. పుస్తకానికి చేతులున్నాయా అని అడిగాను. నవ్వింది. గెలిచిన క్లాసు రాసిన పేపరు బడి వంటగది గోడకు అంటిస్తుందట.

మోకాళ్లు పోయాయి. వచ్చే నెల పని మానేస్తున్నా. నా పద్ధతి ఆ గోడ మీదైనా మిగలాలి.

సెప్టెంబర్ 11

చూపించాను. నేను జావా మాటల్లో చెబితే వాళ్లు ఇండోనేసియా భాషలో రాసుకున్నారు. నింగ్రుమ్ అనే పిల్ల, కాస్త మెల్లగా తాతా, మీ చెయ్యి మోటార్‌సైకిల్‌లా పోతోంది అంది.

సెప్టెంబర్ 12

ఇవాళ పరీక్ష నాకు. టీచరమ్మ ఒక్కో క్లాసు పేపరు చదువుతుంది, నేను అలాగే చెయ్యాలి. సొంత తెలివి వాడకూడదు.

పుస్తకం వాళ్ల పేపరు ఆసుపత్రి చీటీలా ఉంది. చేసేశాను. మా పేపర్లో నా తిట్లు కూడా ఉన్నాయి. అందరూ నవ్వారు. తరవాత, ఉడికిన గింజలు వార్చి పులియబెట్టే పొడి చల్లాలి అని చదివింది. నా చెయ్యి విసనకర్ర మీదికి పోయింది. తాతా, విసనకర్ర పేపర్లో లేదండీ అంది.

ఆరబెట్టకపోతే వేడికి పొడి చచ్చిపోతుంది. పుస్తకం వాళ్ల పేపర్లో ఆ ముక్క ఉంది. నిన్న కూడా విసిరాను. నోటితో చెప్పలేదు. రోజూ చేసే పని, చెప్పాలని తోచలేదు. పొగలు కక్కుతున్న గింజల మీదే చల్లాను.

సెప్టెంబర్ 13

పులియడానికి కట్టి పెట్టిన పొట్లాలు తడిమాను. వాళ్లది వెచ్చగా ఉంది, పులుస్తోంది. మాది చల్లగా ఉంది.

సెప్టెంబర్ 14, శనివారం

విప్పారు. వాళ్లది దూదిలా తెల్లగా వచ్చింది. మాది జిగురు, కంపు. నింగ్రుమ్ మా పొట్లం మూసేసింది. మేం తలొంచుకుని రాసుకుంటున్నాం తాతా, మీరు ఉక్కపోసి విసురుకుంటున్నారనుకున్నాం అంది. తప్పు మీది కాదన్నాను. అలా అనడం నాకు అలవాటు లేదు.

పుస్తకం గెలిచినట్టేగా అన్నాను. టీచరమ్మ తల అడ్డంగా ఊపింది. ఇంకో పద్ధతి మిగిలింది తాతా, చేసేవాళ్లే రాస్తే ఎలా ఉంటుందో చూడాలి, అంతవరకు గోడ ఖాళీగానే ఉంటుంది అంది. మూడో క్లాసుతో బడి మానేసినవాణ్ణి నేను. కలం ఉందా అని అడిగాను.

సెప్టెంబర్ 16, మధ్యాహ్నం

చెయ్యి కదిలినప్పుడల్లా ఆగి రాస్తున్నా. ముప్పై ఒకటో లైను. గింజలింకా పొయ్యి ఎక్కలేదు.